గొడ్డు మాంసం సూపు: మన వంట, మన గౌరవం

 

ఈ పూట మేము మాట్లాడబోయేది గొడ్డు మాంసం, కూరగాయలు కలిపి ఇంట్లో సూపు వండడం గురించి. యువజన కూడికలో వంట పాఠం ఏమిటని కొందరు నవ్వారు. నవ్వినా పర్వాలేదు. ఒక్క మాట అడుగుతాం. మీలో ఎంతమంది హాస్టల్లో, ఆఫీసులో "నిన్న మీ ఇంట్లో ఏం కూర?" అని అడిగితే ఉన్నమాట చెప్పగలరు? మన ఇళ్ళలో "పెద్ద కూర" అని గొంతు తగ్గించి చెప్పుకుంటాం. అద్దె ఇంట్లో కిటికీలు మూసి వండుకుంటాం. ఇంటాయన వస్తున్నాడంటే గిన్నె మంచం కిందికి పోతుంది. దొంగతనం చేయలేదు, కష్టపడి సంపాదించిన డబ్బుతో కొనుక్కున్నాం. అయినా దాస్తాం. అందుకే ఈ పాఠం వంటతో పాటు మరొకటి కూడా నేర్పాలి.

వేసింది తినడం వేరు, వండుకోవడం వేరు

ఈ సిగ్గు ఎక్కడిదో ముందు తెలుసుకుందాం. మన తాతముత్తాతల్లో చాలామందికి ఊళ్ళో చచ్చిన గొడ్డును లాక్కెళ్ళడం వెట్టి పని. తోలు తీయాలి, ఊదాలి, ఊరివాళ్ళకు చెప్పులు కుట్టాలి, మోటకు తోలు తిత్తి కుట్టివ్వాలి. దానికి కూలి డబ్బు కాదు, ఆ చచ్చిన గొడ్డు మాంసమే. అది వాళ్ళు ఎంచుకున్న తిండి కాదు, వాళ్ళ ముందు వేసిన తిండి. పని చేయించుకున్నవాళ్ళే ఆ తిండి చూపించి అంటరానివాళ్ళన్నారు.

1860లలో ఒంగోలుకు వచ్చిన మిషనరీ జాన్ క్లౌ, విశ్వాసంలోకి వచ్చిన మాదిగలకు మూడు నియమాలు పెట్టారు. ఆదివారం పని చేయకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. ఆ మూడో నియమాన్ని ఇప్పుడు చాలామంది శుచి గురించిన నియమం అనుకుంటారు. ఆ రోజుల్లో దాని బరువు వేరు. చచ్చిన గొడ్డు మాంసం వద్దన్నవాడు ఆ గొడ్డును లాగే వెట్టిని కూడా వద్దన్నట్టే. 1927లో మహాడ్‌లో అంబేద్కర్ గారు కూడా తన జనానికి అదే చెప్పారు: చచ్చిన గొడ్డు మాంసం మానండి, వేసిన ఎంగిలి మెతుకులు మానండి. 1948లో వచ్చిన "ది అన్‌టచబుల్స్" పుస్తకంలో, అంటరానితనం మూలాల్లో గొడ్డు మాంసం తినడం ఎలా ఒక కారణమైందో ఆయన వివరంగా చర్చించారు.

మన పెద్దలు వదిలించుకున్నది వెట్టిని. మనం మాత్రం వెట్టితో పాటు వంటను కూడా సిగ్గుపడాల్సిన వస్తువుల్లో చేర్చేశాం. కుళ్ళినదాన్ని దిక్కులేక తినడం ఒకటి. బజారులో చూసి, ఎంచి, కడిగి, నాలుగు గంటలు ఓపికగా వండి, పదిమందికి వడ్డించడం మరొకటి. మరాఠీలో షాహూ పాటోళే గారు 2015లో "అన్న హే అపూర్ణబ్రహ్మ" అనే పుస్తకంలో మరాఠ్వాడా దళితుల వంటలను ఒక్కొక్కటిగా నమోదు చేశారు. మన తెలుగు ఇళ్ళలో తునకలు, బోటీ, నల్లి పులుసు వండే పద్ధతులు మాత్రం ఇంకా అమ్మమ్మల చేతుల్లోనే ఉన్నాయి. ఆ చేతులతోపాటే అవి పోకూడదు.

చట్టం సంగతి తెలుసుకుని వండాలి

రాష్ట్రానికో చట్టం ఉంది. యువకులు ఇది తెలుసుకోవాలి, ఎందుకంటే వీధిలో నిలదీసేవాడు చట్టం చదివి రాడు.

మహారాష్ట్రలో 2015 నుంచి ఆవుతోపాటు ఎద్దు, ఆంబోతు వధ కూడా నిషేధం. గేదె మాంసంపై ఆ నిషేధం లేదు. కర్ణాటకలో 2021 నుంచి అమల్లో ఉన్న చట్టం ఆవు, దూడ, ఎద్దుతోపాటు 13 ఏళ్ళలోపు గేదెలను, దున్నలను కూడా కలిపింది. 13 ఏళ్ళు దాటిన గేదెకు ధ్రువపత్రంతో అనుమతి ఉంటుంది. నేరం రుజువైతే 3 నుంచి 7 ఏళ్ళ జైలు, 50 వేల నుంచి 5 లక్షల వరకు జరిమానా. ఒడిశాలో 1960 చట్టం, తమిళనాడులో 1958 చట్టంతోపాటు ఆవుల వధను ఆపిన 1976 ఉత్తర్వు, పుదుచ్చేరిలో భాగమైన యానాంలో 1968 చట్టం ఉన్నాయి.

అందుకే మేము ఎక్కడికి వెళ్ళినా గేదె మాంసమే వండుతాం. లైసెన్సున్న దుకాణంలోనే కొనండి, బిల్లు అడిగి తీసుకోండి, ఇంటికి చేరేదాకా దగ్గర పెట్టుకోండి. ఇది భయపడి చెప్తున్న మాట కాదు. చట్టం ఇచ్చిన చోటును వదులుకోకూడదని చెప్తున్నాం. గొడ్డు మాంసం ఈ దేశంలో పేదల ఆహారమని సుప్రీంకోర్టు 1958 నాటి ఖురేషీ కేసులోనే గుర్తించింది.

ఇక వంట

ఇరవైమందికి సరిపోయే లెక్క చెప్తాం, రాసుకోండి.

గేదె మాంసం 1 కిలో. నల్లి ఎముకలు అర కిలో, దుకాణంలోనే ముక్కలు కొట్టించుకోండి. కందిపప్పు 200 గ్రాములు. ఉల్లిపాయలు 4, వెల్లుల్లి ఒక గడ్డ, రెండు అంగుళాల అల్లం. క్యారెట్ 400 గ్రాములు, బంగాళదుంప 400 గ్రాములు, బీన్స్ 250 గ్రాములు, ముల్లంగి 2, క్యాబేజీ సగం, టమాటా 400 గ్రాములు. మిరియాలు, ధనియాలు రెండేసి చెంచాలు, ఒక దాల్చినచెక్క ముక్క. కొత్తిమీర ఒక కట్ట, నిమ్మకాయలు 2. నీళ్ళు నాలుగున్నర లీటర్లు.

మాంసం కొనేటప్పుడు మెత్తటి తొడ ముక్క అడగకండి. పిక్క, మెడ, రొమ్ము అడగండి. ధర తక్కువ, సూపుకు రుచి ఎక్కువ. గొడ్డు బాగా నడిచి, బరువు మోసిన చోట నరం, జిగురు పొర ఎక్కువ ఉంటుంది. వేపుడుకు అది పనికిరాదు, పళ్ళు నొప్పి పుడతాయి. సన్నసెగ మీద గంటల తరబడి ఉడికితే ఆ పొరే కరిగి జిగురవుతుంది. సూపు పెదాలకు అంటుకునేలా చిక్కబడేది దానితోనే. కర్ణాటకవాళ్ళు ఇది మరీ గుర్తు పెట్టుకోండి. మీకు చట్టప్రకారం దొరికేది 13 ఏళ్ళు దాటిన ముసలి గేదె. దాన్ని తొందరపెడితే రబ్బరే. ఓపిక పడితే దాని రుచి లేతదానికి రాదు.

మొదట ముక్కల తడి గుడ్డతో అద్దండి. తడి ఉంటే ముక్క వేగదు, ఉడుకుతుంది. అడుగు మందంగా ఉన్న గిన్నెలో రెండు చెంచాల నూనె కాచి, కొద్దికొద్దిగా ముక్కలు వేసి అన్ని వైపులా ఎర్రగా వేయించండి. అన్నీ ఒకేసారి కుమ్మరించకండి. తీసి పక్కన పెట్టి, అదే గిన్నెలో ఉల్లిపాయ, అల్లం, వెల్లుల్లి వేయించండి. అడుగున అంటిన ఎర్రటి చెక్కును కొంచెం నీళ్ళు పోసి గరిటెతో గీకి కలపండి. సగం రుచి అక్కడే ఉంటుంది, దాన్ని కడిగి పారబోయకండి.

ఇప్పుడు ముక్కలు, ఎముకలు, నీళ్ళు, సగం ఉప్పు, గుడ్డలో కట్టిన మిరియాలు, ధనియాలు, దాల్చినచెక్క వేయండి. మరుగు రాగానే పైకి తేలే నురగ తీసేసి సెగ తగ్గించండి. సూపు తెర్లకూడదు, నీటి మీద ఒకటీ అరా బుడగలు రావాలి. అలా రెండున్నర నుంచి మూడు గంటలు. గ్యాస్ ఖర్చు చూసుకునేవాళ్ళు మాంసం, ఎముకలు, రెండు లీటర్ల నీళ్ళు కుక్కర్లో పెట్టి, మొదటి కూత వచ్చాక సన్నసెగ మీద 40 నిమిషాలు ఉంచి, తర్వాత పెద్ద గిన్నెలోకి మార్చి మిగతా నీళ్ళు కలపండి. ముక్కను వేళ్ళతో నొక్కితే పోగులుగా విడిపోవాలి. విడిపోకపోతే ఇంకాసేపు ఉంచండి. గడియారం మాట కాదు, ముక్క మాట వినండి.

కూరగాయలకు వరస ఉంది. ముందు కందిపప్పు. అది సగం ఉడికాక క్యారెట్, బంగాళదుంప, ముల్లంగి. పది నిమిషాలకు బీన్స్. ఇంకో పది నిమిషాలకు క్యాబేజీ, టమాటా. టమాటా ముందే వేస్తే దాని పులుపు వల్ల పప్పు, దుంప తొందరగా మెత్తబడవు. చాలామంది వంటలో ఇక్కడే గంట పోతుంది. దించాక మిగతా ఉప్పు, కొత్తిమీర, నిమ్మరసం.

కూరగాయలు ఊరిని బట్టి మార్చుకోండి. యానాంలో మునక్కాయ, చామదుంప వేయండి. ఒడిశావాళ్ళు పచ్చి బొప్పాయి ముక్కలు వేయండి, మాంసం కూడా మెత్తబడుతుంది. పక్కన సోలాపూర్‌లో జొన్న రొట్టె, కోలార్‌లో రాగి సంకటి, రాయగడలో రాగి అంబలి. అన్నం కూడా బాగానే ఉంటుంది.

మిగిలితే రెండు గంటల్లోపు చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాడు పైన తెల్లగా గడ్డకట్టిన కొవ్వు సగం తీసేసి బాగా మరిగించండి. మొదటి రోజుకన్నా బాగుంటుంది.

బలం ఎక్కడుంది

జబ్బు పడ్డవాళ్ళకు మన ఇళ్ళలో సూపు నీళ్ళు తాగించి, ముక్కలు మగవాళ్ళ పళ్ళెంలో వేస్తారు. ఇది మానాలి. నీళ్ళలో రుచి, ఉప్పు, కొంచెం జిగురు ఉంటాయి. మాంసకృత్తులు, ఇనుము ఎక్కువగా ఉండేది ముక్కలోనే. నమలలేనివాళ్ళకు ముక్కను పోగులుగా చిదిపి కలపండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి, ఐదేళ్ళలోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉంది. తెల్లవారుజామున బెంగళూరు వీధులు ఊడ్చే మన అక్కలు, చెన్నైలో చెత్తబండి వెంట నడిచే మన అన్నలు ఆ లెక్కలోనే ఉన్నారు. మాంసంలో ఇనుము ఒంటికి సులువుగా పడుతుంది. టమాటా, నిమ్మ పులుపు పప్పు, కూరగాయల్లో ఇనుమును కూడా పట్టిస్తాయి.

ఎక్కువ తింటే ఎక్కువ మేలు అని మేము చెప్పం. ఎర్ర మాంసం అతిగా తినడం పెద్దపేగు క్యాన్సర్‌కు దారితీసే అవకాశం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2015లో చెప్పింది. మూత్రపిండాల జబ్బు, గౌటు ఉన్నవాళ్ళు డాక్టరును అడగాలి. సూపు మంచితనం ఇక్కడే ఉంది. ఒక కిలో మాంసం ఇరవైమందికి వస్తుంది. మనిషికి 50 గ్రాములు, దానికి రెట్టింపు కూరగాయలు.

ఒకే బల్ల

చివరిగా బల్ల గురించి. అపొస్తలుల కార్యములు 10వ అధ్యాయంలో పేతురుకు కనబడిన దుప్పటి దర్శనం మనకు తెలుసు. ఆ దర్శనం అర్థం తిండితో ఆగలేదు. ఏ మనిషినీ అపవిత్రుడనకూడదని పేతురు గ్రహించి కొర్నేలీ గడప దాటాడు.

"సహోదరునికి అభ్యంతరం కలిగితే మాంసం మానమని పౌలు చెప్పాడు కదా" అని సంఘాల్లో కొందరు పెద్దలు అంటారు. నిజమే, 1 కొరింథీయులకు 8వ అధ్యాయం అందరం చదవాలి. అక్కడ పౌలు ఆలోచించింది బలహీనమైన మనస్సాక్షి గలవాడి గురించి. మనల్ని చిన్నచూపు చూసేవాడిని మెప్పించడానికి మన ఇంటి వంటను దాచమని ఆయన చెప్పలేదు. అదే పత్రికలో 11వ అధ్యాయం కూడా చదవండి. ప్రభువు బల్ల దగ్గర కొందరు ముందే కడుపు నింపుకుని, పేదవాళ్ళు ఆకలితో కూర్చున్నందుకు పౌలు ఎంత గట్టిగా గద్దించాడో చూడండి.

కాబట్టి రెండూ పాటిద్దాం. తినని వాళ్ళ కోసం వేరే గిన్నెలో, వేరే గరిటెతో కూరగాయల సూపు వండుదాం. వాళ్ళ గిన్నెలో మన గరిటె పెట్టం, తినమని బలవంతం చేయం, వేళాకోళం అసలే చేయం. అలాగే తినేవాళ్ళ గిన్నెను మూలకు నెట్టం. రెండు గిన్నెలూ ఒకే బల్ల మీద ఉంటాయి, అందరం ఒకే ప్రార్థన చేసి కూర్చుంటాం.

మీ ఊళ్ళకు వెళ్ళాక మూడు పనులు చేయండి. మీ అమ్మమ్మ దగ్గరో నాయనమ్మ దగ్గరో కూర్చుని ఒక వంట వివరంగా రాసుకోండి, తునకలు ఎన్ని రోజులు ఎండబెట్టేవారో దగ్గర్నుంచి. మీ రాష్ట్ర చట్టం చదివి, సంఘంలో నలుగురికి చెప్పండి. నెలకొకసారి ఈ సూపు వండి, మీ వీధిలో పారిశుద్ధ్య పని చేసేవాళ్ళను ఇంటికి పిలవండి. గుమ్మంలో గిన్నె చేతికిచ్చి పంపకండి, లోపల కూర్చోబెట్టి వడ్డించండి. తిరిగి పిలవలేని వాళ్ళను విందుకు పిలవమని లూకా సువార్త 14వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన మాటకు ఇంతకన్నా దగ్గర దారి మాకు తెలియదు.

వండేటప్పుడు కిటికీ తెరిచే ఉంచండి. దేవుడు మిమ్మల్ని దీవించును గాక.