తహసీల్దారు గోపన్న – ఇద్దరు నటులు
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, వైద్య ఖర్చుల బిల్లుల గురించి నాకు ముందు మాట్లాడిన పెద్దలు విపులంగా చెప్పారు. నన్ను మాత్రం "మీరు ఆ బిల్లుల జోలికి పోకుండా కాస్త కళల గురించి మాట్లాడండి" అని కార్యదర్శి గారు ఆదేశించారు. నాకు సంగీతం రాదు. సినిమాలు మాత్రం చిన్నప్పటినుండి చూస్తున్నాను. కనుక ఒక వాగ్గేయకారుణ్ణి తెరమీద ఇద్దరు నటులు ఎలా చూపించారో నాకు తోచినంతలో మనవి చేసుకుంటాను. ఆ వాగ్గేయకారుడు భద్రాచల రామదాసు గారు.

ఆయననే ఎంచుకోవడానికి కారణముంది. త్యాగయ్య గారు ఎవరి కొలువూ చేయలేదు. రామదాసు గారు అలా కాదు, ఆయన మన శాఖ మనిషి. నేలకొండపల్లి వాస్తవ్యులు కంచర్ల గోపన్న. గోల్కొండ ఏలిన అబుల్ హసన్ తానీషా కాలంలో పాల్వంచ పరగణాకు తహసీల్దారు. మేనమామలు అక్కన్న మాదన్నలు తానీషా దగ్గర పెద్ద పదవుల్లో ఉన్నారు కాబట్టి ఉద్యోగం దొరికిందని చెబుతారు. సిఫార్సులు అప్పుడూ ఉన్నాయన్న మాట! అలా వచ్చినవాడు వసూలైన శిస్తు సొమ్ముతో భద్రాచలంలో రాములవారికి గుడి కట్టించాడు, నగలు చేయించాడు. ఫలితంగా గోల్కొండ ఖైదు. పన్నెండేళ్లు ఉన్నాడని సంప్రదాయం.

భక్తులు దీన్ని గుడి కట్టించడం అంటారు. మన లెక్కల భాషలో చెప్పాలంటే పై అధికారి మంజూరు లేకుండా సర్కారు సొమ్మును వేరే పద్దుకు మళ్లించడం. రెండూ నిజమే. ఈ రెండు నిజాలూ ఒకే మనిషి ముఖంలో కనిపించాలి. గోపన్న వేషం కట్టే నటుడికి అసలు కష్టం అక్కడ ఉందని నా అభిప్రాయం. పాటలు ఎవరైనా పాడి పెడతారు.

రామదాసు కథ 1933లోనే టాకీగా వచ్చింది. దాన్ని చూసినవాళ్లు ఈ హాలులో ఎవరూ ఉండరు. నేను చెప్పబోయేవి రెండు. ఒకటి 1964లో వచ్చిన చిత్తూరు నాగయ్య గారి చిత్రం, రెండవది 2006లో కె. రాఘవేంద్రరావు గారి దర్శకత్వంలో నాగార్జున గారు నటించిన 'శ్రీరామదాసు'.

నాగయ్య గారి సినిమా నేను పద్నాలుగేళ్ల వయసులో టూరింగ్ టాకీసులో నేల టికెట్టు మీద చూశాను. ఈమధ్య ఇంట్లో మళ్లీ చూశాను. అప్పటికి నాగయ్య గారికి అరవై ఏళ్లు. పోతన, త్యాగయ్య, వేమన అన్నీ ఆయన అంతకుముందే చేసి ఉన్నారు. అరవై ఏళ్ల మనిషి ఉద్యోగంలో కొత్తగా చేరిన గోపన్నగా కనిపిస్తే మొదట కాస్త ఎబ్బెట్టుగానే ఉంటుంది, ఆ మాట దాచడం ఎందుకు? పక్కన కూర్చున్న మా మనవడు "తాతయ్యా, ఈయన ఎప్పుడూ ఏడుస్తున్నట్టే మాట్లాడతాడేం?" అని అడిగాడు. పిల్లవాడు అన్నదాంట్లో కొంత నిజం ఉంది. నాగయ్య గారి మాటలోనే ఒక గద్గదం ఉండేది. కాని ఆ గొంతుతో ఆయన పాట మొదలుపెడితే మాటకు, పాటకు మధ్య అతుకు కనిపించదు. ఎక్కడ మాట ఆగింది, ఎక్కడ పాట మొదలైంది అన్నది పట్టుకోలేము. తన పాట తానే పాడుకున్న నటుడికి దక్కే సౌలభ్యం అది. పాడేటప్పుడు ఊపిరి ఎక్కడ తీయాలో ఆయన మెడ నరాలకు తెలుసు.

అంతకంటె ముఖ్యం, నాగయ్య గారి గోపన్న ముఖంలో ఒక జంకు ఉంది. చేసింది దేవుడి పనే అయినా, తాను ఎవరికో జవాబు చెప్పవలసినవాడినన్న ఎరుక ఆ కళ్లలో కదులుతూ ఉంటుంది. ఇది నాకు పద్నాలుగేళ్లప్పుడు అర్థం కాలేదు. ఉద్యోగంలో చేరాక అర్థమైంది.

1970లలో నేను పనిచేసిన ఒక ఆఫీసులో (పేరు అనవసరం) ఆడిట్ వాళ్లు వచ్చి క్యాషియరు దగ్గర సొమ్ము తక్కువ తేల్చారు. ఆయన దొంగ కాదు. జీతానికి ముందు అడిగినవాళ్లకు లేదనలేక చేబదులు ఇస్తూ, నెలాఖరుకు సర్దుకుంటూ వచ్చిన మెత్తని మనిషి. తీసుకున్నవాళ్లెవరూ ఆ రోజు నోరు విప్పలేదు. ఆయన రెండు చేతులూ బల్లమీద పెట్టుకుని, పెట్టె తాళంచెవులవైపు చూస్తూ కూర్చున్నాడు. ఆ తరువాత ఏళ్ల తరబడి జీతంలో కోత పడింది. పెన్షను ఆలస్యమైంది. పెన్షను కాగితాలు వచ్చేనాటికి ఆయన లేడు, వాళ్ల ఇంటావిడ సంతకం పెట్టి తీసుకున్నది. నాగయ్య గారి సినిమా మళ్లీ చూస్తున్నప్పుడు నాకు ఆ క్యాషియరు గారి ముఖమే గుర్తుకు వచ్చింది. నటనకు నా దగ్గరున్న కొలబద్ద అదొక్కటే, మరొకటి లేదు.

నాగయ్య గారు ఆ చిత్రానికి నటుడే కాదు, దర్శకుడు కూడా. ఒకప్పుడు దక్షిణాదిలో పెద్ద పారితోషికం తీసుకున్న మనిషి. 1965లో పద్మశ్రీ వచ్చింది. చేతికి ఎముక లేని దాత అని పేరు. 1973 డిసెంబరు 30న కన్నుమూసేనాటికి ఆర్థికంగా పూర్తిగా చితికిపోయి ఉన్నారు. ప్రేమించినదాని మీద ఉన్నదంతా ఖర్చుపెట్టిన గోపన్న సంగతి ఆయనకు ఎవరూ నేర్పనక్కరలేదు.

ఇక 2006 చిత్రం. నేను రిటైరు కావడానికి రెండేళ్ల ముందు, మా ఇంటిల్లిపాదీ వెళ్లి చూశాము. నాగార్జున గారు అంతకుముందు 1997లో ఇదే దర్శకుడితో అన్నమయ్యగా చేసి మెప్పించి ఉన్నారు. గోపన్నగా చేసేనాటికి ఆయన వయసు నలభై ఆరు. చూడడానికి చక్కగా, ధీరుడిగా ఉన్నారు. కమల పాత్రలో స్నేహ గారు. మొదటి సగంలో సరసాలు, నృత్యాలు ఎక్కువే. మా ఆవిడ కాసేపు చూసి "రామదాసు ఎప్పుడొస్తాడండీ?" అని అడిగింది. పోకల దమ్మక్కగా సుజాత గారు వచ్చాకనే కథ భద్రాచలం దారి పట్టిందని నాకు అనిపించింది.

ఈ గోపన్నకు జంకు లేదు. తప్పు చేశానన్న అనుమానం ఆయన నడకలోనే లేదు. గిట్టనివాళ్ల కుతంత్రం వల్ల జైలుకు వెళ్లిన కథానాయకుడు. అలా చూపిస్తే ప్రేక్షకుడికి సులువే. ప్రభుత్వ సొమ్ము అన్న మాట వెనక్కి పోతుంది, దుర్మార్గుడు ముందుకు వస్తాడు. నా మటుకు నాకు అక్కడే కథలో సగం బరువు తగ్గింది.

అయితే పాతదంతా గొప్పది, కొత్తదంతా తక్కువ అని చెప్పడానికి నేను ఇక్కడ నిలబడలేదు. ఒకచోట నాగార్జున గారు నాగయ్య గారిని దాటి వెళ్లారు. అది చెరసాలలో.

మీ అందరికీ తెలిసినదే, రామదాసు కీర్తనల్లో ఒకటి అచ్చంగా ఖర్చుల పట్టిక. సీతమ్మవారి చింతాకు పతకం, లక్ష్మణస్వామి ముత్యాల పతకం, భరతుడికి ఒకటి, శత్రుఘ్నుడికి ఒకటి, ఇంతింత అయిందని వరుసగా అప్పచెబుతాడు. వోచర్లు లేని అకౌంటెంటు, సంతకం చేయవలసిన పెద్ద అధికారిని నిలదీసినట్టుంటుంది. నా చేత ఇంత ఖర్చు పెట్టించి నువ్వు దర్జాగా ఊరేగుతున్నావే అని తిడతాడు. తిట్టి, చివరకు కష్టపెట్టుకోవద్దని, నొప్పి భరించలేక అలా అన్నానని బతిమాలుకుంటాడు. మన భాషలో అంత సొంతంగా, అంత చనువుగా రాసిన సంజాయిషీ మరొకటి లేదని నా నమ్మకం.

ఆ కీర్తన 2006 చిత్రంలో బాలసుబ్రహ్మణ్యం గారి గొంతులో ఉంది. సంగీతం కీరవాణి గారు. అక్కడ నాగార్జున గారిలో కోపం వచ్చింది. దెబ్బలు తిన్న ఒళ్లు, సంకెళ్లు, వాటి మధ్య నిజమైన కోపం. నాగయ్య గారు స్వభావరీత్యా ఎవరినీ తిట్టలేని మనిషి, ఆయన నిష్ఠూరం కూడా వేడుకోలుగానే వినిపిస్తుంది. రామదాసు కీర్తనల్లో వేడుకోలు ఎంత ఉందో దెబ్బలాట అంత ఉంది. బాలమురళీకృష్ణ గారు రేడియో భక్తిరంజనిలో పాడగా పొద్దున్నే విన్నవారికి ఆ రెండింటి రుచీ తెలుసు. గొంతు బాలు గారిదే కదా, నటుడి గొప్ప ఏముంది అనవచ్చు మీరు. అరువు గొంతుకు తన పక్కటెముకలు కదిలించి చూపడం కూడా ఒక విద్యే. పెదవులు కదిపినంత మాత్రాన సరిపోదు.

కబీరు సంగతి ఒక్క మాట. రెండు చిత్రాల్లోనూ కబీరుదాసు ఉన్నాడు. 1964లో గుమ్మడి గారు, ఆయనకు మహమ్మద్ రఫీ గారి పాట. 2006లో అక్కినేని నాగేశ్వరరావు గారు, అంటే సొంత కొడుకుకే గురువుగా. చరిత్ర ప్రకారం చూస్తే కబీరుకు, గోపన్నకు మధ్య నూటయాభై ఏళ్లకు పైగా ఎడం ఉంది. హరికథల్లో దాసుగారు చిడతలు వాయిస్తూ చెప్పినది సినిమాలోకి అలాగే వచ్చింది. దాని మీద నేను ఆడిట్ అభ్యంతరం పెట్టదలచుకోలేదు. తానీషాగా నాజర్ గారు హుందాగా చేశారు. ఆ తానీషా కూడా 1687లో గోల్కొండ ఔరంగజేబు వశమయ్యాక దౌలతాబాదు కోటలో బందీగానే చనిపోయాడు.

ఇప్పుడు ఏటా శ్రీరామనవమికి భద్రాచలం కల్యాణానికి ప్రభుత్వమే పట్టువస్త్రాలు, ముత్యాల తలంబ్రాలు పంపుతుంది. దానికి పద్దు ఉంది, మంజూరు ఉంది. గోపన్న కొంచెం ముందు పుట్టాడు.

నాకు ఒక కోరిక ఉండేది. డిప్యూటీ కలెక్టరుగా ఉద్యోగం చేస్తూనే 'శంకరాభరణం'లో శంకరశాస్త్రిగా నటించిన జె.వి. సోమయాజులు గారిని గోపన్నగా చూడాలని. 1981లో బాపు గారు ఆయన చేత త్యాగయ్య వేషం వేయించారు. గోపన్న వేషం కూడా వేయించి ఉంటే, రెవెన్యూ ఫైలు చేత్తో పట్టిన మనిషి ఆ పాత్రలో ఎలా ఉండేవాడో చూసేవాళ్లం. ఆయన 2004లో పోయారు. ఇక ముందు ఎవరైనా ఈ కథ మళ్లీ తీస్తే వారికి నా మనవి ఒకటే. గుడి కట్టడం తరువాత చూపించండి. ముందు ఒక రాత్రి చూపించండి. దీపం దగ్గర గోపన్న ఒక్కడే కూర్చుని శిస్తు లెక్క రాస్తున్నాడు. జమ అయింది. ఖర్చు వైపు ఏమి రాయాలో తెలియక కలం ఆగింది. పాట అక్కర లేదు.