విద్యార్థులు - మహమ్మారి భయము
(ఒక పఠనమందిరమున గావించిన యుపన్యాసము)



మహమ్మారి దేహములను బాధించిన విధము మీరందఱు నెఱిగినదే. అది కళాశాలా విద్యార్థుల మనస్సులను బాధించిన విధమును గూర్చి నేడు నాలుగు మాటలు మనవి చేసెదను. రోగము తగ్గినతోడనే భయమును తగ్గునని పలువురు తలంచిరి. కాని యట్లు జరుగలేదు.

2020 మార్చి 11వ తేదీన ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడును మహమ్మారిగా ప్రకటించెను. ఆ నెల 25 నుండి దేశమంతట లాక్‌డౌను విధింపబడెను. వసతిగృహములు ఖాళీ యయ్యెను. పట్టణమున జదువుచుండిన బాలుడు పెట్టె సర్దుకొని పల్లె చేరెను. తరగతి సెల్‌ఫోనులోనికి దిగెను. ఒక్క ఫోను గల యింట నిద్దఱు విద్యార్థులున్నచో నెవరి చదువు సాగవలయును?

ఆ దినములలో విద్యార్థిని వేధించిన భయ మొక్కటి కాదు. తనకు రోగము వచ్చునను భయము కంటె, తన మూలమున నింటిలోని ముసలివారికి సోకునను భయము పెద్దది. తండ్రి పని పోయినచో జీతమెవరు కట్టుదురను భయము వేఱొకటి. పరీక్ష జరుగునో జరుగదో, జరుగని పరీక్షకు వచ్చిన పట్టాను జూచి యుద్యోగ మిచ్చువారుందురో లేదో యను భయము మఱియొకటి. 2021 వేసవిలో రెండవ తరంగము చెలరేగి, జనులు ప్రాణవాయువునకై పరుగులిడుచుండ, నిజమును పుకారును కలగలిసి రాత్రింబవళ్లు వారి కన్నులయెదుట మెదలుచుండెను. భయమునకు కాళ్లు లేవు. చేతిలోని ఫోనే దానికి వాహన మయ్యెను.

భయము స్వతహాగా చెడ్డది కాదు. మనచే ముఖమునకు గుడ్డ గట్టించినది భయమే. చేతులు కడిగించినదియు నదియే. కాని కంటికి కనబడని శత్రువు, ముగింపు తెలియని గడువు, పంచుకొనుటకు తోడులేని గది, యీ మూడును గూడినపుడు భయము వ్యాధి యగును. మొదట నిద్ర పోవును. నిద్ర పోయినపిమ్మట నేకాగ్రత పోవును. చదివిన పుటయే పదిమార్లు చదివినను మనసున కెక్కదు. అంతట పరీక్షాభయ మధికమగును. అది మఱల నిద్రను హరించును. ఇట్టి విద్యార్థితో "ధైర్యముగా నుండుము" అనుట, జ్వరపీడితునితో "చల్లగా నుండుము" అనుట వంటిది.

మహమ్మారి మొదటి సంవత్సరమున ప్రపంచమందు ఆందోళన, కుంగుబాటు నూటికి ఇరువదియైదు వంతులు పెరిగెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో తెలిపెను. మన దేశమున 2019లో 10,335 మంది విద్యార్థులును, 2020లో 12,526 మందియు, 2021లో 13,089 మందియు ఆత్మహత్య చేసికొనిరని జాతీయ నేర నమోదు సంస్థ లెక్కలు చెప్పుచున్నవి. వీరందఱి మరణములకును మహమ్మారియే కారణమనుట న్యాయము కాదు. కాని యీ యంకెలను జూచి నిద్రపోగల జాతికి భవిష్యత్తు కలదనుటయు న్యాయము కాదు.

భయమును జయించు మార్గములలో సేవ యొకటి. 1897లో పుణెయందు ప్లేగు ప్రబలినపుడు సావిత్రీబాయి ఫూలే రోగులకు పరిచర్య చేయుచు నా రోగముననే మార్చి 10వ తేదీన కన్నుమూసెను. 2021లో ఎందఱో విద్యార్థులు ఫోనుల మీదనే ఆసుపత్రులలో పడకలను, మందులను వెదకి యెఱుగనివారికి తోడ్పడిరి. భయము వారి చేతిలో పని యయ్యెను. అయినను సేవచేసినవారికిని సేదదీర్చువారు కావలయును. యువకుల త్యాగమును పొగడి, వారి గాయమును మఱచుట పెద్దలకు తగదు.

సాధనములు లేకపోలేదు. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్ సేవకు 14416 సంఖ్యతో ఏ వేళనైనను ఉచితముగా మాటలాడవచ్చును. తెలుగున బదులు చెప్పువారు గలరు. విశాఖపట్టణమున నొక విద్యార్థిని మరణించిన వ్యాజ్యెమున, 2025 జూలైలో సుప్రీంకోర్టు, నూఱుమంది విద్యార్థులు గల ప్రతి విద్యాసంస్థయు శిక్షణ పొందిన సలహాదారు నొకనినైన నియమింపవలయునని యాదేశించెను. ఆజ్ఞ కాగితముపై నున్నది. అది మీ యూరి కళాశాలలో గది యెత్తినదా, ఆ గదిలో మనిషి కూర్చున్నాడా యని యడుగుట మన పని.

మఱియొక మహమ్మారి రాదని యెవరును హామీ యీయలేరు. అది వచ్చునప్పటికి టీకాలను నిలువచేయుట యెంత యవసరమో, "నాకు భయమగుచున్నది" అని సిగ్గుపడక చెప్పుకొనగల చోటును ప్రతి కళాశాలలోను సిద్ధపఱచుట యంత యవసరము. బిడ్డ యింటికి వచ్చినపుడు మార్కు లడుగుటకు ముందు, నిద్ర పట్టుచున్నదా యని యడుగుడు. ఆ ప్రశ్నకు ఖర్చు లేదు; దాని ఫలము జాతికి జెందును.