తెలియని నలుగురితో

మా అబ్బాయి రాత్రి భోజనమైన తరువాత కంప్యూటరు ముందు కూర్చుని 'డోటా 2' ఆడుతూ ఉంటాడు. 2013లో వాల్వ్ సంస్థ విడుదల చేసిన ఆట అది. పక్షానికి అయిదుగురు; ఒంటరిగా వచ్చినవానికి తక్కిన నలుగురిని యంత్రమే జతచేస్తుంది. వారి ఊరూ పేరూ తెలియవు, ఒక్కొక్కప్పుడు భాషయినా తెలియదు. ఎంత బాగా ఆడినా పక్షము ఓడితే స్థాయి అంకె తగ్గవలసినదే. చదరంగములో ఓటమికి వాటాదారులుండరు. ఇక్కడ నలుగురున్నారు!

"నాకన్నీ పనికిమాలిన జట్లే పడుతున్నాయి, నాన్నగారూ" అన్నాడు వాడు.

"నీ పక్షములో తెలియనివారు నలుగురు, ఎదుటివైపు అయిదుగురు. నీవు సరిగా ఆడితే, నూరు ఆటలలో చేతకానివారు ఎవరివైపు ఎక్కువగా పడాలి?" అని అడిగాను. లెక్కలలో నేనెన్నడూ గట్టివాడను కాను. ఈ లెక్క మాత్రము తేలికైనది.

వాడు ఒప్పుకోలేదు. ముగిసిన ఆటను తిరిగి చూసే సదుపాయమున్నది కనుక మరునాడు ఇద్దరమూ చూశాము. వీడి వీరుడు ఒంటరిగా శత్రువుల మధ్యకు పోతున్నాడు. వెనుకకు రమ్మని జట్టులో ఒకడు పటముమీద హెచ్చరిక మ్రోగిస్తూనే ఉన్నాడు. అదే సమయములో మావాడు అతనికి తిట్లు టైపు చేస్తున్నాడు.

ఆ మ్రోత రాత్రి తనకు వినబడనే లేదట.