ఆకాశమునకు దస్తావేజు
(ఒక పఠనమందిర వార్షిక సభయందు ఒక న్యాయవాది గావించిన యుపన్యాసము)



న్యాయశాస్త్ర విషయమున నాలుగు మాటలు చెప్పుమని అధ్యక్షులవారు నన్నాజ్ఞాపించిరి. పొలముగట్టుకై, బావికై, కాలువనీటికై మన కచేరీలలో జరుగు వ్యాజ్యములను మీరెన్నియో చూచియుందురు. నేడు నేను చెప్పబోవునది ఆకాశమునకై జరిగిన వ్యాజ్యము. నవ్వకుడు. న్యూయార్కు నగరమున ఆకాశమును చదరపుటడుగుల లెక్కను అమ్ముదురు, కొందురు, దస్తావేజు వ్రాసి రిజిస్టరు చేయింతురు.

భూమి ఎవనిదో దానిపై నాకాశమును వానిదే యని పూర్వపు ధర్మశాస్త్రజ్ఞులు చెప్పుచుండిరి. విమానము పుట్టిన పిమ్మట ఆ సూత్రము నిలువలేదు. ఉత్తర కరోలినాలో ఒక కోళ్లపెంపకందారుని స్థలముపై సైనిక విమానములు 83 అడుగుల యెత్తున పోవుచుండగా, బెదరి గోడలకు కొట్టుకొని 150 వరకు కోళ్లు చచ్చెను. ఆకాశమంతయు భూస్వామిదే యనుట కాలము చెల్లిన మాట యనియు, అయినను తన స్థలము ననుభవించుటకు వలసినంత పైభాగముపై అతనికి హక్కు గలదనియు 1946లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను.

ఈ హక్కు సరకుగా మారిన విధము వినుడు. 1915లో న్యూయార్కున ఈక్విటబుల్ భవనము వీధి యంచునుండి నిట్టనిలువుగా లేచి, చుట్టుపక్కల వీధులను నీడలో ముంచెను. ప్రజలు గగ్గోలు పెట్టిరి. 1916లో నగరము కట్టడముల యాకృతికి నిబంధనలు చేసెను. 1961లో మరియొక పద్ధతి వచ్చెను: స్థలవిస్తీర్ణమునకు ఇన్ని రెట్లు మాత్రమే అంతస్తుల విస్తీర్ణము కట్టవచ్చును. ఒక స్థలము 1000 చదరపు గజములనుకొనుడు. నిష్పత్తి 10 అనుకొనుడు. అందు 10,000 గజముల అంతస్తులు కట్టవచ్చును. ఆ స్థలమున 2000 గజముల చిన్న ప్రార్థనామందిర మున్నచో, మిగిలిన 8000 గజములు దానిపై కనబడని యాస్తిగా నిలిచియుండును. పొరుగు స్థలమును తమ స్థలముతో నొక్కటిగా లెక్కించు నొడంబడిక వ్రాసికొని ఆ 8000 గజములను పక్కవాడు కొని తన మేడపై పేర్చుకొనవచ్చును. ఇదియే వారు చెప్పు ఆకాశపు హక్కు.

ఇది కేవలము పాపమని నేననను. పైకప్పు కారుచున్న పాత మందిరమునకు ఈ విక్రయమే జీర్ణోద్ధారణ ధనము కావచ్చును. గ్రాండ్ సెంట్రల్ రైల్వేస్టేషనుపై 50 అంతస్తులకు మించిన మేడను కట్టదలచిన పెన్ సెంట్రల్ కంపెనీని నగరము అడ్డగించినప్పుడు, 1978లో సర్వోన్నత న్యాయస్థానము ఆరుగురు న్యాయమూర్తులొక వైపు, ముగ్గురొక వైపుగా నగరమునే సమర్థించెను. ఆ హక్కును సమీప స్థలములకు బదిలీ చేసికొను వీలు కంపెనీకి గలదనుటయు ఆ తీర్పునకొక యాధారమయ్యెను. ఆ ఘనమైన స్టేషను నేటికిని నిలిచియున్నది.

కాని అదే కత్తి యెంత దూరము తెగునో చూడుడు. ఆమ్‌స్టర్‌డామ్ వీధిలో 200 నంబరుగల స్థలమున 668 అడుగుల విలాసభవనమునకు 2017లో అనుమతి దొరకెను. ఆ యెత్తునకు ఆధారముగా కూర్చిన స్థలము లక్షకు పైగా చదరపుటడుగులు. అందు మేడ నిలిచిన భాగము సుమారు పదియవ వంతు. తక్కినదానిలో పక్క నివాసముల ఖాళీలు, బండ్లు నిలుపు చోట్లు, రాకపోకల దారులు చేరియున్నవి. ఆ ముక్కలను అతికించగా ఏర్పడిన స్థలమునకు 39 భుజములు!

పౌరసంఘములు రెండు వ్యాజ్యమునకు దిగెను. ఒక సర్వే నంబరులో ముక్కను మాత్రమే కోసికొని చేర్చుట చెల్లదని వారి వాదము. నగరపు కార్యాలయము 1978నుండి అట్లు చేర్చుటను అంగీకరించుచునే యున్నదని యజమానుల ప్రతివాదము. ఆ వాదమును తేలికగా త్రోసివేయ వీలులేదు. కార్యాలయము చెప్పిన యర్థమును నమ్మి డబ్బు పెట్టినవాడు, అర్థము మారినదన్నంతనే మునిగిపోవలయునా? 2020లో ఒక న్యాయమూర్తి అనుమతిని రద్దు చేసి, మితిమీరిన అంతస్తులను ఊడదీయుడని ఆజ్ఞాపించెను. 20 అంతస్తుల వరకు పోవచ్చునని పత్రికలు వ్రాసెను. 2021లో పై న్యాయస్థానము ఆ తీర్పును కొట్టివేసెను. నిబంధన అస్పష్టమైనప్పుడు నగరపు బోర్డు చెప్పిన అర్థము సమంజసమే యనుట యొక కారణము. పని సాగుచుండగా నిషేధాజ్ఞను వేళకు కోరి తమ హక్కును కాపాడుకొనలేదు గనుక వ్యాజ్యమే నిరర్థకమైనదనుట రెండవది.

ఈ రెండవ కారణము చదివినప్పుడు నాకు నా తప్పిదమే జ్ఞాపకము వచ్చెను. మన ప్రాంతమున కిటికీ వెలుతురునకు చట్టము రక్షణ నిచ్చుచున్నది. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టము ప్రకారము 20 సంవత్సరములు హక్కుగా, నిరాటంకముగా అనుభవించిన వెలుతురు ఆ యింటికి స్థిరమైన హక్కగును. కొన్నేండ్ల క్రిందట ఒక చేనేత పనివాడు, పొరుగున పునాదులు తీయుచుండగనే నా యొద్దకు వచ్చెను. అతని మగ్గపు గదికి ఒక్కటే కిటికీ. ఇరుగుపొరుగువారు గదా, రాజీ కుదురునని నేను నాలుగు నెలలు జరపితిని. ఆ నాలుగు నెలలలో మూడంతస్తుల గోడ లేచెను. న్యాయస్థానము గోడను పడగొట్టింపక నష్టపరిహార మిప్పించెను. ఆ సొమ్ము చేతికిచ్చిన నాడతడు, "బాబుగారూ, ఇది వెలుతురిస్తుందా అండీ?" అని యడిగెను. నేను ప్రత్యుత్తర మీయలేకపోతిని.

సోదరులారా! ఆకాశపు హక్కుల దస్తావేజున అమ్మినవాని సంతకముండును, కొన్నవాని సంతకముండును, నీడలో పడువాని సంతకము మాత్ర ముండదు. అతని పక్షమున నిబంధనయే సంతకము చేయవలయును. ఆ నిబంధన అస్పష్టముగా నున్నచో ధనవంతుని వకీలు దానికి 39 మూలలు కల్పించును. న్యాయము ఆలస్యమైనచో కాంక్రీటే తీర్పు చెప్పును.

ఇది దూరదేశపు ముచ్చట యనుకొనకుడు. హైదరాబాదున 2006లో అంతస్తుల విస్తీర్ణపు నిష్పత్తి పరిమితిని తొలగించి, వీధి వెడల్పును, చుట్టు విడువవలసిన ఖాళీని ఆధారముగా చేసికొనిరి. రోడ్ల వెడల్పునకు స్థలము పోగొట్టుకొన్నవారికి టీడీఆర్ బాండ్ల నిచ్చు పద్ధతియు మన పట్టణములకు వచ్చెను. ఒకచోట పోయిన నేల మరియొకచోట అంతస్తుగా లేచుటయే గదా యిది!

కావున నా మనవి యొక్కటే. ఈ పఠనమందిరమున మన పురపాలక సంఘపు కట్టడముల నిబంధనల ప్రతి నొకటి బల్లపై నుంచుడు. వీధిలో కొలతతాడు పరచిన నాడే ప్లాను చూపుమని యడుగుడు. సందేహమున్నచో పునాది దశయందే న్యాయస్థానమునకు పొండు. రాజీ మాటలు ఆ పిదపను ఆడుకొనవచ్చును. ఇది మీకు చెప్పుచున్నది నాలుగు నెలలు వృథా చేసిన వకీలు.