వెచ్చని రాత్రి నాచుకు గిట్టదు

వానలు దండిగా కురిసే ఉష్ణమండలపు అడవిలో ప్రతి చెట్టూ నాచు కప్పుకుని ఉంటుందని అనుకుంటాం. అమెజాన్ మైదానంలో అలా ఉండదు, చాలా మానులు బోసిగానే కనిపిస్తాయి. అదే కోస్టారికాలోని మాంటెవెర్డె కొండల్లో, మబ్బు కమ్ముకునే అడవిలో, కొమ్మల బెరడు కనబడనంత మందంగా నాచు పెరిగి ఉంటుంది. వాన రెండుచోట్లా ఉంది. మరి తేడా ఎక్కడొచ్చింది?

చాలావరకు రాత్రివేళ.

నాచుకూ, దాని దగ్గరి చుట్టమైన లివర్‌వర్టుకూ నిజమైన వేళ్లు లేవు. ఆకు చాలా జాతుల్లో ఒక్క కణం మందమే. ఒంటితోనే నీరు పీల్చుకుంటాయి, గాలి పొడిబారితే తామూ ఎండిపోతాయి. తడి ఉన్నంతసేపే ఆహారం తయారుచేసుకోగలవు. మైదానంలో ఎండెక్కితే ఆరిపోయి ఆ పని ఆగుతుంది. రాత్రి మళ్లీ తడుస్తాయి కానీ అప్పుడు వెలుతురుండదు, గాలేమో వెచ్చగా ఉంటుంది. వేడికి శ్వాసక్రియ జోరందుకుని పగలు కూడబెట్టినదాన్ని కరిగిస్తుంది. పనామాలో ఓ కొండ అడవి నాచుల మీద 1997లో వెలువడిన పరిశోధనలోనే, పగటి సంపాదనలో సగానికి పైగా రాత్రికి ఖర్చయిపోతోందని తేలింది. ఇక కింద మైదానం సంగతి చెప్పాలా! ఎత్తుకు వెళ్లేకొద్దీ చల్లని రాత్రి ఆ ఖర్చు తగ్గిస్తుంది, పగలు మబ్బు తడి ఆరనివ్వదు.

టాంజానియాలోని ఉలుగురు పర్వతాల్లో వృక్షశాస్త్రవేత్త తమాష్ పోచ్ 1980లో ప్రచురించిన లెక్క చూడండి. దిగువ అడవిలో చెట్లమీద బతికే మొక్కల ఎండు బరువు హెక్టారుకు రెండు టన్నులు. 2,120 మీటర్ల ఎత్తున, పొట్టి చెట్ల అడవిలో, 14 టన్నులు.

ఒకే చెట్టు మీద కూడా మాను అడుగున ఉన్న జాతులు చిటారుకొమ్మన ఉండవు. మొదలు దగ్గర నీడ, తేమ. పైన ఎండ, గాలి. పైకొమ్మల్లో నెగ్గుకొచ్చే ఫ్రులేనియా అనే లివర్‌వర్టుకు ఆకు అడుగున చిన్న నీటి సంచులుంటాయి, ఎంత ముచ్చటైన ఏర్పాటో! బెరడు గరుకుదనం, ఆమ్లగుణం కూడా లెక్కలోకొస్తాయి.

ఈ పచ్చదనాన్ని ఒలిచేస్తే తొందరగా తిరిగిరాదు. పరిశోధకురాలు నళిని నాడ్కర్ణి మాంటెవెర్డెలో కొమ్మలను ఒలిచి ఏళ్ల తరబడి గమనించారు. అది మెల్లగా, ముందు కొమ్మ అడుగువైపు నుంచి మొలిచింది. అసలు ప్రమాదం మాత్రం దూరం నుంచే వస్తోంది: దిగువ మైదానాల్లో అడవి నరికితే కొండమీది మబ్బు అడుగు మరింత పైకి జరుగుతుందని లాటన్ అనే శాస్త్రవేత్త బృందం 2001లో చూపించింది.