కళాకారుని సొమ్ముకు వాయిదాలా?

(మైలవరంలో పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నకారా కేసులో 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు చెప్పినది మనలో చాలామందికి కంఠతా వచ్చు. పింఛను దయాధర్మం కాదు, చేసిన కొలువుకు దక్కవలసిన హక్కు. ఆ తీర్పును తలచుకుంటూనే యేటా ఈ సభ జరుపుకుంటున్నాము. ఇలాంటి సభలకు మనం పిలిచే కళాకారుల, వక్తల డబ్బు గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

పూర్వం ఊళ్ళో హరికథ జరిగితే హారతి పళ్ళెంలో పడినది, పెద్దలు తాంబూలంలో పెట్టినది ఆ రాత్రే దాసుగారి చేతికి వచ్చేది. మన జిల్లా సురభి గ్రామంలో 1885లో కీచకవధ ఆడి మొదలైన సురభి నాటక సమాజాలు టికెట్టు డబ్బుతో తరతరాలు బతికాయి. వసూలు తక్కువ కావచ్చు గాని, ఆ రాత్రి లెక్క ఆ రాత్రే తేలేది.

ఆఫీసులు జరిపే కార్యక్రమాల సంగతి వేరు. గుమాస్తాగా అది నాకు బాగా తెలుసు. కథ అయిపోయాక ఫైలు కదులుతుంది. మంజూరు ఉత్తర్వు, బడ్జెట్టు, స్టాంపు అంటించిన రసీదు, బిల్లు, ట్రెజరీ టోకెను. ఒక్కచోట అభ్యంతరం రాస్తే మళ్ళీ మొదటికి. మార్చి 31 దాటిందా, ఆ పద్దు మురిగిపోతుంది. నేను పనిచేసిన ఒక ఆఫీసులో ఫిబ్రవరిలో బుర్రకథ చెప్పిన దళానికి ఆగస్టులో డబ్బు అందింది. కథకుడు ప్రొద్దుటూరు నుంచి నాలుగుసార్లు తిరిగాడు. వంతలిద్దరికీ అప్పు తెచ్చి ముందే ఇచ్చాడట. బస్సు ఛార్జీలు, ఆ అప్పు మీద వడ్డీ పోగా ఏమి మిగిలిందో ఆయననే అడగాలి. గట్టిగా అడిగితే మరుసటేడు పిలవరని భయం. అందుకే వచ్చినప్పుడల్లా "బాగున్నారా సార్" అని బెంచీ మీద కూర్చునేవాడు. శాలువా మాత్రం ఆయనకు సభరోజే కప్పారు. దాని బిల్లు ముందే పాసయింది మరి!

ఇప్పుడు డబ్బు నేరుగా బ్యాంకులో పడుతుంది. తిరుగుడు తగ్గింది గాని, మంజూరుకు, నిధుల విడుదలకు పట్టే కాలాన్ని కంప్యూటరు తగ్గించదు.

ఆలస్యమంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. 2020లో కరోనా సమయంలో మన రాష్ట్రంలో జీతాలు, పింఛన్లలో కొంత భాగం వాయిదా వేశారు. విశ్రాంత జిల్లా న్యాయమూర్తి ఒకరు కోర్టుకెక్కారు. హైకోర్టు 12 శాతం వడ్డీ ఇమ్మన్నది. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దానిని 6 శాతం చేసింది. తగ్గిందని బాధపడినవారున్నారు. నాకు మాత్రం ఆలస్యానికి వడ్డీ కట్టాలని తీర్పు రావడమే గొప్పగా తోచింది. ఆ కథకుడికి ఆరు నెలలకు ఆరు పైసలైనా వడ్డీ ఎవరిచ్చారు? మనకు సంఘం ఉంది, కోర్టు ఖర్చుకు చందా వేసుకోగలం. ఆయన ఒంటరివాడు.

పైగా దానిని మనం పారితోషికం అంటాము. సంతోషించి ఇచ్చేదన్న అర్థం ఆ మాటలోనే ఉంది. అందుచేతనే, వీలైనప్పుడు ఇస్తాములే అనిపిస్తుందేమో.

కార్యవర్గానికి నా మనవి. పిలిచేటప్పుడే ఎంత ఇస్తామో, దారి ఖర్చు ఎంతో కాగితం మీద రాసి ఇవ్వండి. ఆ సొమ్ము ముందురోజే బ్యాంకు నుంచి తీసి, కవరులో పెట్టి, కోశాధికారిగారు జేబులో వేసుకుని రావాలి. చందాలు వసూలు కాలేదని కళాకారుని ఆపకూడదు. షామియానా వారిని ఆపగలమా? డబ్బు చాలకపోతే శాలువాలు మానేద్దాం. అధ్యక్షులవారు కోప్పడినా సరే, నాకు కప్పబోయే దానితోనే మొదలుపెట్టండి.

హరిదాసుగారు గజ్జెలు కట్టుకుని సిద్ధంగా ఉన్నారు. కథ ముగించి జమ్మలమడుగు బస్సు అందుకోవాలి. నేనిక కూర్చుంటాను.