కంపెనీ కారా, సొంత కారా?



కారు సంగతి మగవాళ్ళ వ్యవహారం, ఈవిడకెందుకూ అనుకోకండి. చింతపండు దగ్గర బేరమాడి పది రూపాయలు మిగిల్చే మనమే, ఇంట్లోంచి లక్షలు కదిలే చోట మాత్రం "మీ ఇష్టమండీ" అనేసి వంటింట్లోకి వెళ్ళిపోతాం. మొన్నమొన్నటి దాకా నేనూ అంతే.

మాది కల్వకుర్తి. హైదరాబాదు నుంచి శ్రీశైలం వెళ్ళే వైపు, సుమారు 80 కిలోమీటర్లు. 2016లో జిల్లాలు విడదీసినప్పుడు నాగర్‌కర్నూలు జిల్లాలోకి వచ్చాం. మా చుట్టుపక్కలంతా పత్తి చేలు. మావారు ఒక విత్తనాల కంపెనీలో ఫీల్డాఫీసరు. వెల్దండ, వంగూరు, ఆమనగల్లు, అచ్చంపేట అంటూ నెలకు 2,000 కిలోమీటర్లు తిరుగుతారు. ఇన్నాళ్ళూ మోటారు సైకిలు మీదే తిరిగారు. నడుం నొప్పి మొదలయ్యాక కంపెనీ వాళ్ళు, "మేమిచ్చే కారైనా తీసుకోండి, లేదా మీరే కొనుక్కోండి, కిలోమీటరుకు 9 రూపాయలిస్తాం" అన్నారు.

మావారి మనసు సొంత కారు మీదే పడింది. "నెలకు 18,000 వస్తయి, బండి మనదైతది" అని ఒకటే సంబరం. డౌన్‌పేమెంటుకు రెండు లక్షలు కావాలి. ఆ రెండు లక్షలూ బ్యాంకులో ఉన్నాయి, కానీ అవి మా అమ్మాయి ఇంజనీరింగు చదువుకని దాచినవి. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే పాలవాడి లెక్క రాసే పుస్తకం తీసి, వెనక పేజీలో కూర్చాను.

మా రోడ్ల మీద లీటరుకు 16 కిలోమీటర్లు వస్తే గొప్ప. అంటే నెలకు 125 లీటర్లు. లీటరు 108 రూపాయల లెక్కన 13,500 పెట్రోలుకే పోయాయి. మిగిలిన 4,500లో బీమాకు నెలకు 2,000 తీసి పక్కన పెట్టాలి. సర్వీసింగుకు 1,400, టైర్ల అరుగుదలకు వెయ్యి. ఇక చేతిలో ఉన్నది నూరు రూపాయలు! దాంట్లోనే బ్యాంకు కిస్తీ కట్టమంటే ఎట్లా?

అసలు దెబ్బ ఇంకోటి ఉంది, అది పుస్తకంలో కనపడదు. బీమా వాళ్ళు ఏటా కారు విలువ తగ్గించి రాస్తారు. ఆరు నెలలు దాటితే నూటికి 15, ఏడాది దాటితే 20, ఆ తర్వాత 30, 40. నాలుగేళ్ళు దాటి అయిదో ఏడు నడిచేసరికి సగానికి సగం పోతుంది. ఎనిమిది లక్షల కారు నాలుగు లక్షలైంది, అంటే నెలకు 6,600 పైచిలుకు కరిగిపోయినట్టు. ఆ తొమ్మిది రూపాయలు మనకు ఆదాయం కాదమ్మా, మన కారును రోజుకింత చొప్పున కంపెనీకి అమ్ముకుంటున్న ధర. అదీ తక్కువ ధర.

మావారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి కంపెనీ కారు మనది కాదు గదా" అన్నారు.

నిజమే, కాదు. మా పక్కింటి వదినగారింట్లో అదే జరిగింది. అన్నయ్యగారు వేరే ఉద్యోగానికి మారితే, వారం తిరక్కముందే వచ్చి కారు తోలుకుపోయారు. వీధిలో వాళ్ళంతా "కారేదమ్మా?" అని అడుగుతుంటే వదినగారు పదిహేను రోజులు గుమ్మంలోకి రాలేదు. నలుగురూ ఏమనుకుంటారో అన్న బాధ చిన్నదేం కాదు, దాన్ని నేను తీసిపారేయను. కానీ ఆ బాధకు కిస్తీ కట్టక్కర్లేదు గదా!

కంపెనీ కారును సొంత పనులకు కూడా వాడితే, దానికింతని జీతంలో కలిపి ఆదాయపు పన్ను లెక్కగడతారు. ఖర్చంతా కంపెనీదే అయి, ఇంజను 1.6 లీటర్లు మించకపోతే, 2009లో సవరించిన నిబంధన ప్రకారం అది నెలకు 1,800 రూపాయలు, డ్రైవరు ఉంటే మరో 900 ఉండేది. ఇవి మారుస్తుంటారు గనక ఆ ఏటి అంకె ఆఫీసులోనే అడగాలి. పూర్తిగా ఆఫీసు పనికే వాడి, ఎక్కడెక్కడ తిరిగిందీ పుస్తకంలో రాసి చూపిస్తే ఆ బాధ లేదు.

ఇక బీమా కాగితం. మనం బీరువాలో పెట్టి తాళం వేసే ఈ కాగితాన్ని ఒక్కసారి చదవండి. సొంత కారు పాలసీలో, బాడుగకు తిప్పకూడదనీ, సరుకు మొయ్యకూడదనీ ఉంటుంది. నమూనాలు, మన సామాను మాత్రం ఫరవాలేదు. జూన్ వచ్చిందంటే మా డీలర్లు "నాలుగు సంచులు నీ కార్లనే ఏస్కపో సారూ" అంటారు. విత్తనాల నమూనా పొట్లం వేరు, సంచులు వేరు. సంచులతో ఉన్న కారుకు ఏదైనా అయితే బీమా వాళ్ళు పేచీ పెట్టవచ్చు, అప్పుడు నష్టం ఎవరిది? కారు ఎవరిదో వాళ్ళది!

ఒక్క విషయంలో మాత్రం సొంత కారే మేలు. చెప్పడానికి నోరు రాదు గానీ చెప్పాలి. సొంతదారు తన కారు తానే నడుపుతూ ప్రమాదంలో పోతే ఇంటివాళ్ళకు 15 లక్షలు వచ్చే బీమా ఉంది. 2018లో పెంచారు, అంతకుముందు కార్లకు రెండు లక్షలే. బండి కంపెనీ పేరు మీద ఉంటే ఆ బీమా ఉండదు. ఎందుకంటే సొంతదారు కంపెనీ, నడిపేది మన మనిషి. ఈ ముక్క తెలిశాక నాకు గుండె ఝల్లుమంది.

అందుకే మావారితో, "కంపెనీ కారే తీసుకోండి, కానీ మీ పేర ప్రమాద బీమా ఎంతకుందో కాగితం మీద రాసిమ్మనండి" అన్నాను. "అట్ల అడిగితే ఏమనుకుంటరు?" అన్నారు. నాలుగు రోజులు తటపటాయించి అడిగారు. పదో రోజున ఉత్తరం వచ్చింది. ఉద్యోగులందరి పేరా కలిపి తీసిన పాలసీ ఉందట, ఇన్నేళ్ళూ ఎవరూ అడగలేదట!

ఇప్పుడు ఇంటి ముందు తెల్ల కారు ఉంటోంది. పుట్టింటికి వెళ్ళాలంటే నేను బస్సెక్కుతాను. రెండు లక్షలూ బ్యాంకులోనే ఉన్నాయి. ఆ ఉత్తరం పోపుల డబ్బా పక్కన, రేషను కార్డు పెట్టే కవర్లో పెట్టాను, చేతికి అందేటట్టు.